46 షాట్లు కొట్టి ఓడిపోతే గేమ్ మోసం చేసినట్టేనా? హాకీ మేనేజర్ గేమ్‌లలో అపోహలు - వాస్తవాలు

ఐస్ హాకీ మేనేజర్ గేమ్‌లు (జట్టును కట్టి, నడిపే కంప్యూటర్ గేమ్‌లు) ఆడేవాళ్ల నుంచి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటే. ఒక స్కోర్‌షీట్ పంపుతారు, దాని పైన రెండు ముక్కలు రాస్తారు: "మావి 46 షాట్లు, వాళ్లవి 19. 3-1తో ఓడిపోయాం. ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుంది కదా?"

ఏళ్ల తరబడి డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) కుర్రాళ్లను ఏరుకుని, శాలరీ క్యాప్ (జీతాల మీద పరిమితి) కింద రూపాయి రూపాయి లెక్కపెట్టి కట్టుకున్న టీమ్ అలా ఓడితే గుండె కలుక్కుమంటుంది. ఆ బాధ నిజమే. కానీ దాని మీద పుట్టించే పుకార్లున్నాయి చూడండి, అవి నిజం కాదు. పైగా నష్టం ఆ ఓటమితో కాదు, ఆ పుకారు నమ్మి మర్నాడు చేసే పనులతో జరుగుతుంది.

అపోహ: షాట్లు రెట్టింపుకు మించి ఉండి కూడా ఓడామంటే ఇంజిన్ (ఫలితాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్) మోసం చేసింది

ముందు ఆ స్కోర్‌షీట్‌ని పీరియడ్ల (ఇరవై నిమిషాల మూడు భాగాల) వారీగా విప్పి చూడండి. ఇలాంటి ఆటల్లో మామూలుగా కనిపించే తీరు ఇది. మొదటి పీరియడ్‌లో షాట్లు 8-7. నాలుగో నిమిషంలో వాళ్ల గోల్, పదహారో నిమిషంలో ఇంకోటి. రెండో పీరియడ్ 15-8. మూడోది 23-4. మీ గోల్ ఒక్కటే, అదీ పవర్‌ప్లేలో (ఎదుటివాళ్లలో ఒకరు శిక్ష మీద బయట ఉన్నప్పుడు). చివరి నిమిషంలో ఇంకో దాడి ఆటగాడి కోసం మీరు గోలీని (గోల్‌కీపర్‌ని) బయటికి లాగారు, వాళ్లు ఖాళీ నెట్‌లోకి కొట్టారు. మొత్తం 46-19, స్కోరు 1-3.

ఇందులో ఇరు జట్లూ సమానమైన మనసుతో ఆడింది ఎంతసేపు? స్కోరు 0-0 ఉన్న ఆ మొదటి నాలుగు నిమిషాలే. ఆ తర్వాత వాళ్లు ముందున్నారు. ముందున్న జట్టు వెనక్కి తగ్గి, మధ్యలో దారి మూసి, పక్ (ఆడే రబ్బరు బిళ్ల) దొరికితే బయటికి తోసేసి కాలం గడుపుతుంది. వెనకబడ్డ జట్టు ఎక్కడి నుంచైనా కొడుతుంది. ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిజమైన ఆటల్లోనూ ఇంతే. కాబట్టి మూడో పీరియడ్‌లోని 23-4 మీ ఆధిపత్యానికి గుర్తు కాదు, మీరు వెనకబడి ఉన్నారనడానికి గుర్తు.

తర్వాత పవర్‌ప్లే షాట్లు తీసేయండి. ఆరు పవర్‌ప్లేల్లో 17 షాట్లు వచ్చాయనుకుంటే, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు మిగిలేవి 29. వాటిలో డిఫెన్స్‌మెన్ బ్లూలైన్ (నెట్‌కి దూరంగా ఉండే నీలి గీత) దగ్గర్నుంచి కొట్టినవి 13. నెట్ ముందు, ఇరవై అడుగుల లోపల కొట్టిన షాట్‌కీ, గోలీ స్పష్టంగా చూస్తుండగా బ్లూలైన్ నుంచి వచ్చే షాట్‌కీ ఒకే విలువ కట్టకూడదు. ఇంత ఒలిచాక ఆ 46 చాలా చిన్న సంఖ్యే.

సరే, ఇవేవీ లేవు, 46 షాట్లూ మంచివే అనుకుందాం. అప్పుడు కూడా లెక్క వేసి చూడండి. ఎదుటి గోలీ సేవ్ శాతం .920 (అంటే వంద షాట్లకు 92 ఆపుతాడు), మీ గోలీది .900 అనుకోండి. 46 షాట్లకు మీకు రావలసిన గోల్స్ సగటున 3.7. మీ గోలీ మీదికి వచ్చినవి 18, ఇవ్వవలసినవి 1.8. వినడానికి ఏకపక్షంగా ఉంది కదా! కానీ గోల్స్ సగటున పడవు, ఒక్కొక్కటిగా పడతాయి. ఈ అంకెలతోనే లెక్క కడితే, సమంగా ముగిసిన ఆటల్ని ఓవర్‌టైమ్‌లో చెరిసగం పంచుకున్నాక కూడా, మీరు ఓడే అవకాశం ఐదోవంతు దాకా ఉంటుంది. 46 షాట్లలో ఒక్కటీ పడకపోయే అవకాశం 2 శాతం పైన. అంటే సీజన్‌లోని 82 ఆటలూ ఇంత బాగా ఆడినా, ఒకటి రెండు రాత్రులు సున్నాతో ఇంటికి పోవలసిందే.

గవ్వలాటలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడటం, గవ్వ ఇటూ అటూ సమంగా పడుతుందనుకుంటే, 16లో ఒక వంతు. అది పడిన రోజున గవ్వల్లో మోసం ఉందని ఎవరూ అనరు. మరి ఐదింట ఒకసారి జరిగేదానికి స్క్రిప్ట్ అంటారేం?

నిజమైన లీగ్ చూడండి. 2018-19లో టాంపా బే లైట్నింగ్ 62 ఆటలు గెలిచి 128 పాయింట్లు తెచ్చుకుంది. ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత నాలుగు విజయాలు ముందు సాధించినవాళ్లు నిలిచే నాకౌట్ పోటీ) మొదటి రౌండ్‌లో కొలంబస్ చేతిలో వరుసగా నాలుగూ ఓడింది. 2022-23లో బోస్టన్ బ్రూయిన్స్ 65 విజయాలు, 135 పాయింట్లతో రికార్డు కొట్టి, ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా మీద 3-1 ఆధిక్యంలో ఉండి కూడా ఏడో ఆటలో ఇంటిదారి పట్టింది. ఇదే ఏ గేమ్‌లోనైనా జరిగి ఉంటే ఎన్ని స్క్రీన్‌షాట్లు వచ్చి ఉండేవో!

ఫలితం ముందే రాసి ఉందా అన్నది మీరే పరీక్షించవచ్చు

ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ ఆడేవాళ్లకు ఇది తేలికైన పని. ఫిన్లాండ్‌కు చెందిన రిస్తో రేమెస్ ఉచితంగా మొదలుపెట్టిన గేమ్ అది. తర్వాత స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తీసుకుంది, 2015లో స్టీమ్‌లో మళ్లీ వచ్చింది. పద్ధతి ఇదీ:

ఆట రోజు ఉదయం దగ్గర ఆగి, సేవ్ ఫైల్‌ని వేరే పేరుతో దాచండి. లైన్లు (కలిసి ఆడే గుంపులు), టాక్టిక్స్, గోలీ, ఏదీ ముట్టుకోకుండా ఆట నడపండి. స్కోరు, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పటి షాట్లు, పవర్‌ప్లేలు కాగితం మీద రాసుకోండి. మళ్లీ అదే ఫైల్ తెరవండి. ఇలా ఇరవై సార్లు. ఒకసారి 5-1, ఒకసారి 2-3, ఒకసారి షూటౌట్ (గోలీ మీదికి ఒక్కొక్కరే వెళ్లి కొట్టే పోటీ), ఇలా వస్తూ ఉంటాయి. రాసిపెట్టిన ఫలితమైతే ఇరవై రకాలుగా రాదు.

ఇక్కడే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. టెంపో (ఆట వేగం) స్లైడర్ రెండు గీతలు జరిపి, ఇంకో ఇరవై ఆటలు నడిపి, "పాతదానితో తొమ్మిది గెలిచాం, కొత్తదానితో పన్నెండు, ఇదే అసలు టాక్టిక్" అని పదిమందికీ చెప్పేస్తారు. ఇరవై ఆటల్లో మూడు విజయాల తేడా ఉత్త గాలివాటం. గెలుపు 55 శాతం నుంచి 60కి పెరిగిందని కాస్త ధైర్యంగా చెప్పాలంటే ఒక్కో పద్ధతికి 800 ఆటల దాకా కావాలి. అంటే 82 ఆటల సీజన్లు దాదాపు పది. అంత చూడకుండా పంచిపెట్టే "గెలిపించే టాక్టిక్" ఫైళ్లను నమ్మి టీమ్‌ని తలకిందులు చేసుకోకండి.

అసలు నష్టం: గోలీని అమ్మేయడం

పైన చెప్పిన ఆటలో మీ గోలీ లెక్క చూడండి. ఖాళీ నెట్‌లో పడిన గోల్ అతని ఖాతాలోకి రాదు. అతని మీదికి వచ్చినవి 18, ఆపినవి 16. సేవ్ శాతం .889. ఇలాంటివి వరుసగా నాలుగు వస్తే చాలు, కంగారు మొదలవుతుంది. రెండో రౌండ్ పిక్‌కి (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే హక్కుకి) అతన్ని వదిలించుకుని, పది ఆటల్లో .930 చూపించిన ఇంకొకడిని మొదటి రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకుంటారు. హాకీ మేనేజర్ గేమ్‌లలో జనం చేసే అతి ఖరీదైన పొరపాటు ఇదే.

పది ఆటలంటే సుమారు 300 షాట్లు. అసలు సత్తా .910 ఉన్న గోలీ కూడా 300 షాట్లలో .893 నుంచి .927 దాకా ఎక్కడైనా కనిపించవచ్చు. మూడింట ఒకసారి ఆ హద్దులూ దాటతాడు. యాభై ఆటలు, 1,500 షాట్లు అయ్యాక కూడా .903కీ .917కీ మధ్య ఊగుతూనే ఉంటాడు. అంటే మీరు చవగ్గా అమ్మినవాడూ, ప్రీమియం కట్టి కొన్నవాడూ ఒకే సత్తా ఉన్నవాళ్లు కావచ్చు. మధ్యలో మీ పిక్ పోయింది, అంతే.

మరి దేన్ని చూడాలి? రెండు మూడు సీజన్ల సేవ్ శాతం కలిపి చూడండి. స్కౌట్ రిపోర్ట్ చూడండి, వయసు చూడండి. టీమ్ మొత్తానికి పీడీఓ చూడండి, అంటే మీ షూటింగ్ శాతం (గోల్ అయిన షాట్ల శాతం), సేవ్ శాతం కలిపిన మొత్తం. అది 100 చుట్టూ తిరుగుతుంది. మీది 97 ఉండి, సమస్కోరు దగ్గర షాట్లలో మీరే ముందుంటే, చేతులు కట్టుకుని కూర్చోండి. కష్టమైన పని అదే, తెలుసు. పీడీఓ 100 ఉండి షాట్లలోనే వెనకబడుతుంటే అప్పుడు మూడో డిఫెన్స్ జంట దగ్గర మొదలుపెట్టి వెతకండి.

గెలిచేదాకా పాత ఫైల్ మళ్లీ మళ్లీ తెరిచేవాళ్లకు టీమ్‌లో జబ్బు ఏమిటో ఎప్పటికీ బయటపడదు. ఓటముల్నే చెరిపేస్తే అంకెలు ఏం చెప్పగలవు?

అపోహ: ఐదో ఓవర్‌టైమ్‌కి వెళ్లిందంటే గేమ్‌లో బగ్

ఇలాంటి గేమ్‌లలో మరపురాని ఆటలంటే ఇవే. అర్ధరాత్రి దాకా స్క్రీన్ ముందు కూర్చుని, 2-2 దగ్గర గడియారం తిరుగుతూనే ఉంటే గేమ్ హ్యాంగ్ అయిందని ఆపేసేవాళ్లున్నారు. ఆపకండి.

ఎన్‌హెచ్‌ఎల్ రెగ్యులర్ సీజన్‌లో ఓవర్‌టైమ్ ఐదు నిమిషాలు, ముగ్గురికి ముగ్గురు, ఆపైన షూటౌట్. ప్లేఆఫ్స్‌లో అలా కాదు. ఇరవై నిమిషాల పూర్తి పీరియడ్లు, ఐదుగురికి ఐదుగురు, ఎవరు ముందు కొడితే వాళ్లది. రెండు జట్లూ కలిసి గంటకు ఐదు గోల్స్ కొట్టే వేగం అనుకుంటే, ఒక ఓవర్‌టైమ్ గోల్ లేకుండా గడిచే అవకాశం ఐదోవంతుకు కాస్త తక్కువ. వరుసగా నాలుగు గడిచి ఐదోదానికి చేరడం 800 ఓవర్‌టైమ్ ఆటల్లో ఒకటి. ప్లేఆఫ్స్‌లో ఏటా 20 ఆటలు ఓవర్‌టైమ్‌కి వెళ్తాయనుకుంటే నలభై సీజన్లకు ఒకసారి. హాకీ జీఎం లాంటి బ్రౌజర్ గేమ్‌లో నలభై సీజన్లు నడపడం ఎంతసేపు?

బయట ప్రపంచంలోనూ జరిగిందే. 1936 మార్చిలో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ ఆట ఆరో ఓవర్‌టైమ్‌లో, 116 నిమిషాల 30 సెకన్ల అదనపు ఆట తర్వాత 1-0తో తేలింది. 2020 ఆగస్టు 11న టాంపా బే, కొలంబస్ ఆట ఐదో ఓవర్‌టైమ్ దాకా సాగింది. కొలంబస్ గోలీ యోనాస్ కోర్పిసాలో 85 షాట్లు ఆపాడు. ఆపి కూడా ఓడిపోయాడు. 

మిగతావి త్వరగా

"పెద్ద ఆటల్లో మన స్టార్‌ని గేమ్ కావాలనే మాయం చేస్తుంది." కాదు. ఈస్ట్‌సైడ్‌లో కంటికి కనిపించని గుణాలు కొన్ని ఉంటాయి. నిలకడ, ముఖ్యమైన ఆటల్లో తీరు అందులోవే. వాటిలో 20కి 6 ఉన్నవాడు ప్లేఆఫ్స్ మొదలయ్యే ఏప్రిల్‌లో తేలిపోవడంలో వింత లేదు. స్కౌట్లు, కోచ్‌లు రాసే మాటల్లో ఆ సూచన ఉంటుంది, చదవండి.

"ముగ్గురు సూపర్ ఫార్వర్డ్‌లుంటే చాలు." మొదటి లైన్ మంచు మీద ఉండేది అరవైలో ఇరవై నిమిషాలు. మిగతా నలభై ఎవరు ఆడతారు?

"ఆట చూడకుండా ముందుకు నడిపితే ఓడిస్తుంది." హాలిడే (గేమ్ తనంతట తానే రోజులు నడిపే పద్ధతి) మీద వెళ్లినప్పుడు లైనప్ ఎవరు పెడుతున్నారో ముందు చూసుకోండి. అసిస్టెంట్ చేతిలో పెట్టి వెళ్తే మీ రెండో గోలీ నెట్‌లో ఉండొచ్చు, మీరు పక్కన పెట్టిన డిఫెన్స్‌మన్ పవర్‌ప్లే ఆడుతూ ఉండొచ్చు. వెళ్లే ముందు లైన్లు సేవ్ చేసి, అసిస్టెంట్‌కి ఏ పనులు అప్పగించారో ఒకసారి తెరిచి చూడండి. తిరిగొచ్చాక మొదట స్కోరు కాదు, ఎవరెవరు ఎన్ని నిమిషాలు ఆడారో చూడండి.