పెళ్లి వీడియోలో పాట: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పెళ్లైన వారం పది రోజులకు ఫోన్ వస్తుంది: "అన్నా, వీడియో యూట్యూబ్‌ల పెట్టినం, కాపీరైట్ అని వచ్చింది. కేసైతదా?"

టెన్షన్ వద్దు. అది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. హక్కుదారులు ముందే ఇచ్చిపెట్టిన పాటలతో మన వీడియో శబ్దాన్ని కంటెంట్ ఐడీ అనే యంత్రం పోల్చుతుంది. కలిస్తే క్లెయిమ్ పడుతుంది: యాడ్ల డబ్బు వాళ్లకు పోవచ్చు, లేదా వీడియో ఆగిపోవచ్చు. ఛానెల్‌కు ముప్పు స్ట్రైకులతోనే, అంటే హక్కుదారులు నేరుగా ఫిర్యాదు చేసి వీడియో తీసేయించినప్పుడు పడే హెచ్చరికలతోనే. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు.

అపోహ: పది సెకన్లలోపు వాడితే ఏం కాదు.
ఈ లెక్క మన చట్టంలో లేదు, యంత్రానికీ లేదు. "హక్కులు వారివే" అని కింద రాసినా అంతే. పాట మనది కాదని మనమే ఒప్పుకున్నట్టు.

అపోహ: పెళ్లి పాటకు మినహాయింపు ఉంది, కాబట్టి వీడియోకూ ఉంది.
ఇక్కడ చదువుకున్నవాళ్లూ పొరబడతారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం పెళ్లిలో, బరాత్‌లో పాట పెట్టడం ఉల్లంఘన కాదు. 2023 జూలైలో కేంద్రం ఇదే మాట మళ్లీ చెప్పింది. కానీ అది ఆ వేడుక వరకే. అదే పాటను వీడియోకు అతికించి ఊరంతా చూసేలా నెట్‌లో పెట్టడం వేరు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంట్లో చూసుకుంటే సొంత వాడకం అనవచ్చు. డబ్బులు తీసుకుని పాట కలిపే నాలాంటివాడికి ఆ మాట చెప్పుకోవడం అంత తేలిక కాదు.

"ఫెయిర్ యూజ్", అంటే కొన్ని సందర్భాల్లో అనుమతి లేకున్నా వాడుకోవచ్చు అనేది, అమెరికా మాట. అక్కడ ఒక తల్లి 2007లో, పసివాడు పాటకు గంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెడితే తీసేయించారు. తీసేయమనే ముందు ఫెయిర్ యూజ్ అవునో కాదో ఆలోచించాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. యంత్రానికి ఆ ఆలోచన ఎక్కడిది?

ఒక బరాత్ వీడియోలో క్లెయిమ్ పడ్డ ముక్కను కస్టమర్ మ్యూట్ చేశాడు. డీజే చప్పుడుతో పాటు నాయనమ్మ దీవెనా పోయింది. అప్పటినుంచి పెద్దల మాటలకు వేరే మైక్ పెడుతున్నా.

అపోహ: బతుకమ్మ పాట ఎవరిదీ కాదు.
సగమే నిజం. ఊళ్లో తరతరాలుగా పాడుకునే పాట అందరిదీ. స్టూడియోలో చేసిన రికార్డింగ్ మాత్రం చేయించినవాళ్లది. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర మా వాడకట్టు ఆడవాళ్లు చప్పట్లతో పాడుకున్నదానికీ ఒకసారి క్లెయిమ్ పడింది. ఆ క్లెయిమ్ తప్పని డిస్‌ప్యూట్ పెట్టాను. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు. వాళ్లు వదిలేసేసరికి సద్దుల బతుకమ్మ, దసరా పోయి దీపావళి దగ్గరపడింది.