ఉచిత కరెంటు, ఎండిన బోర్లు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను యూనివర్సిటీలో ఇంధనం, పర్యావరణ విధానాల ఆర్థిక లెక్కల మీద పరిశోధన చేస్తాను. పని మాత్రం చాలావరకు వ్యవసాయానికి కరెంటు ఉచితంగా ఇచ్చే మన తెలంగాణలో, నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో బోర్ల దగ్గరే.

అపోహ: కరెంటు ఉచితం కాబట్టి రైతుకు నీళ్ళు కూడా ఉచితమే.

మునుగోడు వైపు ఒక రైతు ఇంట్లో సర్వే ఫారం నింపుతూ కరెంటు ఖర్చు దగ్గర సున్నా వేశాను. ఆయన చూసి, "సార్, ఆ సున్నా పక్కన నా బోర్లు కూడా రాయండి" అన్నాడు. ఏడు వేస్తే ఐదు ఎండిపోయినయట. డ్రిల్లింగు, కేసింగ్ పైపులు, కాలిన మోటారుకు రీవైండింగు, అన్నీ వడ్డీకి తెచ్చిన పైసలే. ఇక్కడ కింద అంతా గ్రానైటు. నీళ్ళు రాతి పగుళ్ళలోనే దొరుకుతాయి. పక్క చేనాయన ఇంకో వంద అడుగులు దిగితే మన బోరు వట్టిపోవచ్చు. ఆ నష్టం ఏ బిల్లులోనూ పడదు. ఒకరి పనికి ఇంకొకరు మోసే ఇలాంటి ఖర్చునే మేం క్లాసులో బాహ్య వ్యయం అని చెబుతాం. ఆ రోజు నుంచి నా ఫారంలో బోర్ల అప్పుకు వేరే గడి ఉంది.

అపోహ: ఒక్క ఎకరం వరికి ఎంత కరెంటు కాలుతుందిలే!

లెక్క వేద్దాం. పంటకు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు బోరు నుంచే పెడితే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. 300 అడుగుల లోతు నుంచి తోడే పంపు, కాలిన కరెంటులో మూడో వంతే నీళ్ళు పైకి తేవడానికి వాడుకుంటుందనుకుంటే వెయ్యి లీటర్లకు ముప్పావు యూనిట్. మొత్తం 3,600 యూనిట్లు! వ్యవసాయ కనెక్షన్లకు చాలావరకు మీటర్లు లేవు కాబట్టి ఇది ఎవరి కంటికీ ఆనదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చాక రాత్రి కరెంటు కోసం కాపు కాసే బాధ తప్పింది, అది నిజంగా పెద్ద మేలు. కానీ ఆ కరెంటులో చాలా భాగం బొగ్గుదే. మన దామరచర్లలో కట్టిన యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే 4,000 మెగావాట్లు.

అపోహ: సోలార్ పంపు పెడితే సమస్య తీరినట్టే.

పొగ తగ్గుతుంది, నిజమే. ఎండకు కూడా బిల్లు రాదు కదా, నీళ్ళు తోడటం ఎందుకు ఆగుతుంది? మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే వీలుంటేనే మోటారు ఆపినందుకు రైతుకు పైసలొస్తాయి.

అపోహ: రైతులకు ఇవన్నీ చెప్పినా వినరు.

ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. 2000ల్లోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఒక భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన లెక్క రాశారు, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్ళెన్ని, పంటలకు కావాల్సినవెన్ని అనే లెక్క వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని వాళ్ళను ఎవరూ కట్టడి చేయలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు.