మెడ ఆపరేషన్ తర్వాత చెయ్యి తిరిగొస్తుందా? స్కాన్ చెప్పేది ఎంత: అపోహలు - వాస్తవాలు

నేను కోనసీమలో ఎంఆర్‌ఐ రిపోర్టులు రాసే రేడియాలజిస్టుని. కొబ్బరి దింపు తీసేవాళ్లు, ధాన్యం బస్తాలు మోసినవాళ్లు, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు, రిటైరైన మాస్టార్లు, అందరూ మెడ స్కాన్‌కి వస్తుంటారు. వయసుతో డిస్కులు అరిగి, ఎముక పెరిగి, మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోవడాన్ని సర్వైకల్ మైలోపతి అంటాం. దీని చుట్టూ ఉన్న అపోహల వల్ల జరిగే నష్టం చూస్తుంటే బాధేస్తుంది.

అపోహ: "మెడ నొప్పి లేదుగా, ఇది ఉత్త నరాల బలహీనత."

వాస్తవం: ఈ జబ్బులో చాలామందికి మెడ నొప్పే ఉండదు. చొక్కా గుండీలు పట్టుబడవు. అన్నం కలుపుతుంటే వేళ్లు సహకరించవు. చేను గట్టు మీద నడుస్తుంటే తూలు వస్తుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. వీటికి నెలల తరబడి బీ12 ఇంజెక్షన్లు చేయించుకుని, అప్పుడు స్కాన్‌కి వచ్చేవాళ్లున్నారు. బీ12 లోపం వల్లా ఇలాంటి లక్షణాలు రావచ్చు, కానీ అది రక్తపరీక్షలో తేలాలి. ఇంట్లోనే ఒకటి చేసి చూడండి: పిడికిలి బిగించి, వేళ్లన్నీ పూర్తిగా తెరవాలి. 10 సెకన్లలో 20 సార్లు చేయగలగాలి. బాగా తగ్గితే న్యూరో డాక్టరుకి చూపించండి.

అపోహ: "వెన్నుపాములో తెల్ల మచ్చ ఉందని రిపోర్టులో రాశారు. ఇక ఆపరేషన్ దండగ."

వాస్తవం: రిపోర్టులో ఆ ఒక్క లైను చదివి ఇంటికెళ్లిపోయేవాళ్ల గురించే నా బెంగంతా. టీ2 అనే రకం బొమ్మలో కనిపించే ఆ తెలుపు వాపు కావచ్చు, నరపు పోగుల పైపొర దెబ్బతినడం కావచ్చు, శాశ్వతంగా పోయిన కణజాలం కావచ్చు. మామూలు ఎంఆర్‌ఐలో మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి. వాపైతే ఆపరేషన్‌తో వెన్నుపాము మీద ఒత్తిడి తీసేశాక తగ్గే అవకాశం ఉంది. అదే చోట టీ1 అనే ఇంకో రకం బొమ్మలో నల్లగా కూడా కనిపిస్తే కోలుకోవడం కష్టమయ్యే సూచన. అప్పుడు కూడా ఆపరేషన్ దండగ కాదు, ఎందుకంటే దాని మొదటి పని ఉన్న శక్తి ఇంకా పోకుండా ఆపడం. ఆ పైన చాలామందికి ఎంతో కొంత మెరుగవుతుంది కూడా.

అపోహ: "వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో కొత్త రకం స్కాన్ తీయిస్తే, ఆపరేషన్ తర్వాత ఏమవుతుందో ముందే చెప్పేస్తారు."

వాస్తవం: ఆ స్కాన్ పేరు డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్, క్లుప్తంగా డీటీఐ. 1994లో వచ్చిన పద్ధతి. నీటి అణువులు ఎటు కదులుతున్నాయో కొలుస్తుంది. గట్లు గట్టిగా ఉన్న కాలువలో నీళ్లు ఒకే దారిన పోతాయి, గండి పడితే చేలన్నిటి మీదా పరుచుకుంటాయి. నరపు పోగుల్లోనూ అంతే. ఈ తేడాని 0 నుంచి 1 మధ్య ఒక అంకెగా చూపిస్తారు. అంకె తగ్గేకొద్దీ పోగులు ఎక్కువ దెబ్బతిన్నట్టు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో అడుగు వేసి, వాపునీ పోగుల నష్టాన్నీ విడదీసి చూసే డీబీఎస్‌ఐ పద్ధతి తయారుచేశారు. రోగి లక్షణాలతో కలిపి చూస్తే అంచనా మెరుగవుతోందని వాళ్ల పరిశోధనల్లో తేలింది. నాకు దీని మీద నిజంగా ఆశ ఉంది.

కానీ మెడలో వెన్నుపాము మందం సెంటీమీటరుకి అటూ ఇటూ. గుటక వేసినా, ఊపిరి తీసినా బొమ్మ చెదురుతుంది. మెషీన్ మారితే అంకె మారుతుంది. వందమందిలో సగటున కనిపించే తేడాని మీ ఒక్కరికి జోస్యంలా చెప్పలేం. అందుకే ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది. దానికోసం ఆపరేషన్ వాయిదా వేయకండి.

ఇప్పటికైతే అంచనాకి పనికొచ్చేవి లక్షణాలు మొదలై ఎన్నాళ్లయింది, ఇప్పుడు ఎంత తీవ్రంగా ఉంది, వయసు, పొగతాగే అలవాటు. తీవ్రతకి, చేతుల పని, నడక లాంటివి చూసి డాక్టర్లు వేసే 18 మార్కుల స్కోరు ఉంది, 18 వస్తే మామూలుగా ఉన్నట్టు. 2017 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 14 లేదా అంతకంటే తక్కువైతే ఆపరేషన్ మంచిది. 15 నుంచి 17 మధ్య ఉంటే ఆపరేషనైనా, డాక్టరు పర్యవేక్షణలో ఫిజియోథెరపీ అయినా ఎంచుకోవచ్చు. ఎటు తేల్చుకోవాలో తెలియని ఈ రెండో గుంపుకే కొత్త స్కాన్లు రేపు ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

అపోహ: "మెడ ఆపరేషనంటే కాళ్లూ చేతులూ పడిపోతాయి."

వాస్తవం: రిస్కు ఉంది, కానీ అలా జరగడం అరుదు. భుజం ఎత్తలేకపోవడం సుమారు 100లో ఐదుగురికి రావచ్చు, ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. మెరుగుదల చాలావరకు మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపు కనిపిస్తుంది. ఫిజియోథెరపీ మానకండి.

మంగలి షాపులో మెడ విరిపించుకోవడం మాత్రం ఈరోజే ఆపేయండి. ఇంకో మాట, స్కాన్‌కి వచ్చేటప్పుడు పాత ఫిల్ములు, సీడీలు కూడా పట్టుకురండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే మచ్చ పెరిగిందో లేదో పోల్చి చెప్పలేను.