గిట్‌లో చరిత్ర తిరగరాయడం: అపోహలు - వాస్తవాలు

"అన్నా, రీబేస్ కొడితే పాత కమిట్లు పోతయా?" నల్లగొండ ఐటీ హబ్‌లో కొత్తగా చేరినవాళ్లయినా, పాలమూరులో ఇంజనీరింగ్ చదివే పిల్లలయినా ముందుగా అడిగే ప్రశ్న ఇదే. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ గిట్. అందులో దాచిన ఒక్కో నమోదు ఒక కమిట్, అలాంటి కమిట్ల వరుస ఒక బ్రాంచి. మీ కమిట్లను తీసి ఇంకో ఆధారం మీద మళ్లీ పేర్చడమే రీబేస్. ఆ భయంతో కొందరు రీబేస్ జోలికే పోరు. అసలు భయమే లేనివాళ్లు అందరూ వాడే బ్రాంచి మీదనే కొట్టేస్తారు. లోపల ఏం జరుగుతుందో, గిట్‌లో ఆ రీబేస్ కోడ్‌ను చూసుకునేవాళ్లు దేని గురించి జాగ్రత్త పడతారో తెలిస్తే ఈ రెండు తప్పులూ తగ్గుతాయి.

అపోహ: రీబేస్ పాత కమిట్లను మార్చేస్తుంది.

గిట్‌లో ఒకసారి పడిన కమిట్‌ను ఎవరూ మార్చలేరు. దాని పేరే 40 అక్షరాల హాష్. ఫైళ్ల స్థితి, తల్లి కమిట్, రాసినవారి పేరు, తేదీ, సందేశం అన్నీ కలిపి లెక్కగట్టిన అంకె అది. ఒక్క అక్షరం తేడా వచ్చినా హాష్ మారుతుంది, అంటే అది ఇంకో కమిట్ అయిపోతుంది. పుట్టపాక, పోచంపల్లి నేతలో డిజైన్ నూలులోనే ఉంటుంది. ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. నేసిన చీరలో పువ్వును రెండు వేళ్లు పక్కకు జరపడం కుదరదు, నూలు మళ్లీ కట్టి ఇంకో చీర నేయాల్సిందే. రీబేస్ కూడా పాత చీరను పెట్టెలో ఉంచి కొత్తది నేస్తుంది.

ఆ పెట్టె పేరు రీఫ్లాగ్, బ్రాంచి కొస ఎప్పుడు ఏ కమిట్ మీద ఉందో రాసిపెట్టే చిట్టా. మామూలు సెట్టింగుల్లో అందులోని నమోదులు 90 రోజులు ఉంటాయి. బ్రాంచి ప్రస్తుత కొస నుంచి చేరుకోలేని కమిట్ల నమోదులకు మాత్రం గడువు 30 రోజులే. రీబేస్ తర్వాత పాత కమిట్లు ఈ రెండో రకంలోకి వస్తాయి కాబట్టి నెల రోజుల లెక్కే గుర్తు పెట్టుకోండి. గిట్ రీఫ్లాగ్ కొట్టి, రీబేస్ మొదలవక ముందున్న హాష్ చూసి, దాని మీద గిట్ బ్రాంచ్‌తో కొత్త బ్రాంచి పెడితే పాతదంతా తిరిగి చేతికొస్తుంది. కమిట్ చేయని మార్పులకు మాత్రం రీఫ్లాగ్‌లో చోటు లేదు. అందుకే ట్రాక్ అయ్యే ఫైళ్లలో అలాంటి మార్పులుంటే, ఆటోస్టాష్ (వాటిని పక్కన దాచి చివర్లో తిరిగి వేసే ఆప్షన్) పెట్టుకోనంత వరకు రీబేస్ మొదలే కాదు.

అపోహ: రీబేస్ ఫీచర్‌ను చూసుకోవడమంటే కమిట్లను వరుసగా అతికించే కోడ్ చూసుకోవడమే.

అతికించడం అందులో తేలిక భాగం. అసలు కష్టం మధ్యలో ఆగడంలో ఉంది. కాన్‌ఫ్లిక్ట్ రాగానే, అంటే రెండు మార్పులు ఒకే చోట ఢీకొనగానే, ప్రోగ్రామ్ పూర్తిగా ఆగిపోతుంది, మెమరీలో ఏమీ మిగలదు. వాడేవారు గంటకు తిరిగి రావచ్చు, వారానికి రావచ్చు, ఈలోగా గిట్ వెర్షన్ కూడా మార్చుకుని ఉండవచ్చు. అయినా కంటిన్యూ అనగానే ఆగిన చోటు నుంచే పని సాగాలి.

అందుకే స్థితి అంతా రీబేస్-మెర్జ్ అనే డైరెక్టరీలో చిన్న చిన్న ఫైళ్లుగా పడి ఉంటుంది. మిగిలిన పనుల జాబితా ఒకదాంట్లో, అయిపోయినవి ఇంకోదాంట్లో, బయలుదేరిన హాష్ వేరే దాంట్లో, ఆగిన కమిట్ రచయిత పేరు, ఈమెయిల్, తేదీ మరోదాంట్లో. ఈ రచయిత ఫైలు చూడడానికి చిన్నదే. కానీ పేరులో అపాస్ట్రఫీ ఉంటే రాసేటప్పుడు ఒక పద్ధతిలో చుట్టి, చదివేటప్పుడు అదే పద్ధతిలో విప్పాలి. అక్కడ లెక్క తప్పితే ఒకరి పని మీద తప్పుడు పేరు పడుతుంది. పాత వెర్షన్ రాసిన ఫైలును కొత్తది చదవాల్సి రావచ్చు గనుక ఆ పద్ధతిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికీ లేదు.

రీబేస్‌ను మధ్యలో రద్దు చేసే అబార్ట్ నమ్మకంగా పనిచేయడానికి కారణం ఇంకోటి. రీబేస్ నడిచినంతసేపు హెడ్ (మీరిప్పుడు ఏ కమిట్ మీద ఉన్నారో చూపే గుర్తు) మాత్రమే కదులుతుంది. మీ బ్రాంచి ఉన్నచోటే ఉండి, పని మొత్తం అయ్యాకే కొత్త కొసకు జరుగుతుంది. 2022లో వచ్చిన 2.38 వెర్షన్‌లో అప్‌డేట్-రెఫ్స్ ఆప్షన్ చేరింది. ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న బ్రాంచీలను అది కలిపి జరుపుతుంది. అదీ చివర్లోనే జరుపుతుంది. ఈ క్రమాన్ని చెడగొట్టే ప్యాచ్ (గిట్ కోడ్‌కు ఎవరైనా పంపే మార్పు) ఎంత వేగం తెచ్చినా తీసుకోకూడదు.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే రీబేస్ సరిగ్గా అయినట్టే.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లెక్కలు చూపే చిన్న యాప్ ఉందనుకుందాం. సెట్టింగుల ఫైలులో మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాలకు వరుసగా మూడు బ్లాకులు. ఒక్కో బ్లాకులో 9 వరుసలు. మొదటి వరుసలో మండలం పేరు, మిగతా ఎనిమిదీ మూడింటిలోనూ ఒకే తీరు. అయిదో వరుసలో పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీరు నాంపల్లి బ్లాకులో దాన్ని 1.0 చేసి కమిట్ కొట్టారు. ఈలోగా మెయిన్ బ్రాంచిలో ఎవరో అన్నిటికంటే పైన చింతపల్లి బ్లాకు చేర్చారు. అందులోనూ అవే 9 వరుసలు.

రీబేస్‌కు రెండు పద్ధతులున్నాయి, అప్లై, మెర్జ్. పాతదైన అప్లై పద్ధతి కమిట్‌ను ప్యాచ్‌గా మారుస్తుంది. ప్యాచ్‌కు గుర్తుండేది వరుస అంకె, మార్పుకు అటు మూడు వరుసలు, ఇటు మూడు వరుసలు, అంతే. మండలం పేరు అందులోకి రాదు. నాంపల్లి ఉండిన చోట ఇప్పుడు మర్రిగూడ ఉంది, చుట్టూ ఉన్న వరుసలు అచ్చంగా సరిపోయాయి. మార్పు మర్రిగూడకు పడిపోతుంది. తప్పు జరిగినట్టు ఒక్క మాట కూడా రాదు.

మెర్జ్ పద్ధతి రెండు వైపుల ఫైళ్లను పూర్తిగా తీసుకుని పోలుస్తుంది కాబట్టి ఇలాంటివి చాలావరకు తప్పుతాయి. 2020లో వచ్చిన 2.26 వెర్షన్‌లో రీబేస్ డిఫాల్ట్‌గా దీనికే మారింది. ఆ మార్పుతో పాటు ఖాళీ కమిట్లను ఉంచడం, డైరెక్టరీ పేరు మారితే గుర్తుపట్టడం లాంటి ప్రవర్తనలూ మారాయి. వాటి మీద ఆధారపడిన స్క్రిప్టులు ఎన్నో ఉంటాయి. అందుకే ఆ తేడాలన్నీ మాన్యువల్‌లో ఒక్కొక్కటిగా రాసిపెట్టి ఉన్నాయి, ఓసారి కూర్చుని చదవండి.

అర్థంలో వచ్చే తేడాను ఏ పద్ధతీ పట్టుకోలేదు. మెయిన్‌లో ఫంక్షన్ పేరు మారింది, మీ కమిట్ వేరే ఫైలులో పాత పేరుతోనే పిలుస్తోంది, అయినా కాన్‌ఫ్లిక్ట్ రాదు. ఎక్జెక్ ఆప్షన్‌కు టెస్టు కమాండ్ ఇవ్వండి. ప్రతి కమిట్ తర్వాత అది నడుస్తుంది, ఫెయిలైన చోట రీబేస్ ఆగుతుంది.

అపోహ: ఇంటరాక్టివ్ రీబేస్ మొదట్లో ఎడిటర్‌లో చూపే కమిట్ల జాబితాలో వరుస చెరిపేస్తే ఆ కమిట్ ఉన్నట్టే ఉంటుంది.

వరుస చెరిపితే కమిట్ కూడా పోతుంది. డిఫాల్ట్‌లో హెచ్చరిక కూడా ఉండదు. రీబేస్ డాట్ మిస్సింగ్‌కమిట్స్‌చెక్ సెట్టింగును ఎర్రర్‌గా పెట్టుకోండి. అప్పుడు నిజంగా వద్దనుకున్నదాని ముందు డ్రాప్ అని రాయక తప్పదు.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ తీర్చేటప్పుడు అవర్స్ అంటే నా మార్పులు.

మెర్జ్‌లో నిజమే. రీబేస్‌లో తిరగబడుతుంది. అక్కడ అవర్స్ అంటే మీరు ఎక్కుతున్న ఆధారం, దెయిర్స్ అంటే మీ కమిట్.

అపోహ: రీబేస్‌లో మెర్జ్ కమిట్లు (రెండు బ్రాంచీలను కలిపినవి) కూడా అలాగే వచ్చేస్తాయి.

మామూలు రీబేస్ వాటిని వదిలేసి అన్నిటినీ ఒకే దారంగా గుచ్చుతుంది. వాటిని ఉంచడానికి ఉండిన పాత ప్రిజర్వ్-మెర్జెస్ ఆప్షన్‌లో జాబితా వరుస మారిస్తే ఫలితం నమ్మలేని విధంగా వచ్చేది. 2018లో 2.18తో రీబేస్-మెర్జెస్ వచ్చింది, 2021లో 2.34తో పాతదాన్ని తీసేశారు. కొత్తది లేబుల్, రీసెట్, మెర్జ్ అనే ఆదేశాలతో కొమ్మలను మళ్లీ కడుతుంది. అయితే పాత మెర్జ్‌లో మీరు చేత్తో తీర్చిన కాన్‌ఫ్లిక్టులు దానంతట అది తెచ్చుకోదు. రెరెరె అనే గిట్ సదుపాయం ముందే ఆన్ చేసి ఉంటే అది ఆ పరిష్కారాలు గుర్తుంచుకుని మళ్లీ వేస్తుంది.

అపోహ: తిరగరాసిన బ్రాంచిని ఫోర్స్-విత్-లీజ్ ఆప్షన్‌తో సర్వర్‌కు పంపితే (పుష్ చేస్తే) ఎవరి పనీ పోదు.

సర్వర్‌లో ఉన్నదీ, మీ దగ్గరి రిమోట్ బ్రాంచి గుర్తూ ఒకటేనా అని మాత్రమే అది చూస్తుంది. మీ ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే (సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకుంటుంటే), పక్కవాళ్ల కొత్త కమిట్ మీరు చూడకుండానే ఆ గుర్తు ముందుకు జరిగిపోతుంది. ఇక లీజ్ అడ్డు చెప్పదు, వాళ్ల పని తుడిచిపెట్టుకుపోతుంది. ఆ కొత్త కమిట్ మీ పనిలో చేరిందో లేదో చూసే ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ 2.30 నుంచి ఉంది, రెండూ కలిపి వాడండి. లేదా సర్వర్‌లో ఉండాలనుకునే హాష్‌నే లీజ్‌కు రాసి ఇవ్వండి, అది ఇంకా గట్టిది.

అపోహ: పాస్‌వర్డ్ ఉన్న ఫైలును చరిత్రలోంచి తీసేస్తే గండం గడిచినట్టే.

తహసీల్ ఆఫీసులో రికార్డు సరిచేసినంత మాత్రాన, అంతకుముందు జనం తీసుకెళ్లిన పహాణీ నకళ్లు మారవు కదా. క్లోన్లు (ఒక్కొక్కరు తమ మెషిన్‌లోకి దించుకున్న కాపీలు), ఫోర్కులు (సర్వర్‌లోనే వేరేవాళ్లు పెట్టుకున్న కాపీలు), సర్వర్ దాచుకున్న పాత పేజీలు అన్నీ అలాంటి నకళ్లే. ముందు పాస్‌వర్డ్ మార్చండి, చరిత్ర సంగతి తర్వాత. చరిత్ర మొత్తాన్ని తిరగరాయడానికి ఫిల్టర్-బ్రాంచ్ అనే పాత కమాండ్ వాడకండి, గిట్ మాన్యువలే వద్దంటుంది. ఫిల్టర్-రెపో అనే టూల్ వాడండి. అది తాజా క్లోన్ కాకపోతే పని చేయనంటుంది, అయ్యాక ఆరిజిన్ రిమోట్‌ను (పాత సర్వర్‌తో లింకును) తీసేస్తుంది. అది అడ్డంకి అనుకోవద్దు, పొరపాటున పాతదీ కొత్తదీ కలిసిపోకుండా పెట్టిన కాపలా. ఏ పాత హాష్ ఏ కొత్త హాష్ అయిందో చెప్పే కమిట్-మ్యాప్ ఫైలును దాచుకోండి, బగ్ రికార్డుల్లో పాత హాష్‌లు వెతికేటప్పుడు అదే ఆధారం.

పుష్ చేశాక టీమ్‌లో ప్రతి ఒక్కరికీ చెప్పాలి: పాత క్లోన్‌లో పుల్ కొట్టొద్దు, కొత్తగా క్లోన్ చేసుకోండి, పుష్ చేయని పని మిగిలి ఉంటే ఎంచుకున్న కమిట్లను మాత్రమే తెచ్చే చెర్రీ-పిక్‌తో దాన్ని కొత్త క్లోన్‌లోకి తెచ్చుకోండి అని. ఒక్కరు పాత క్లోన్‌లో పుల్ కొట్టి, మెర్జ్ చేసి, తిరిగి పుష్ చేసినా చాలు, తీసేసిన ఫైలుతో సహా పాత చరిత్ర మొత్తం సర్వర్‌లోకి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.