‘కీ నాట్ డిటెక్టెడ్’ అంటే కీ పాడైనట్టేనా? అపోహలు - వాస్తవాలు

కీ జేబులో ఉంచుకుని బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో, డాష్‌బోర్డు మీద ‘కీ నాట్ డిటెక్టెడ్’ (కీ కనబడలేదు) అని పడగానే చాలామంది కొత్త కీ ఎంతవుతుందో కనుక్కోవడం మొదలుపెడతారు. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే మాలాంటివాళ్లకు ఇలాంటి ఫోన్లు మామూలే. నేను మొదట అడిగేది ఒక్కటే: “రెండో కీతో చూశారా అండీ?” చూసినవాళ్లు తక్కువ. అది బీరువాలో ఎక్కడో ఉంటుంది.

ఆ మెసేజ్‌కు అర్థం కీ పాడైందని కాదు. కారు రేడియో సిగ్నల్‌తో కీని పిలిచింది, జవాబు అందలేదు, అంతే. కారే సరిగ్గా పిలవలేదా, కీకి ఆ పిలుపు అందలేదా, కీ పలికినా కారుకు చేరలేదా అన్నది మెసేజ్ చెప్పదు. రెండో కీతో బండి మామూలుగా స్టార్ట్ అయితే తేడా మొదటి కీలో ఉంది. రెండు కీలకూ అదే మెసేజ్ వస్తే కారు వైపు చూడాలి. పైసా ఖర్చు లేకుండా సగం పని ఇక్కడే తేలిపోతుంది.

అపోహ: కీలో సెల్ (బిళ్ల బ్యాటరీ) అయిపోతే బండి స్టార్ట్ కాదు, టోయింగే గతి.

కాదు. ఇది అందరికీ తెలిసి తీరాల్సిన విషయం, ముఖ్యంగా రాత్రిపూట పిల్లలతో హైవే మీద వెళ్లేవాళ్లకు.

డోర్ హ్యాండిల్‌లో, కారు లోపల ఉండే యాంటెన్నాలు దాదాపు 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న సిగ్నల్ పంపుతాయి. అది మీటరు, మీటరున్నర దూరం మించి పోదు. దాన్ని అందుకున్న కీ, మన దగ్గర ఎక్కువ బండ్లలో, 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. పిలుపు వినడానికీ, జవాబివ్వడానికీ కీలోని సెల్ కావాలి. కానీ అదే కీలో ఇమ్మొబిలైజర్ చిప్ ఒకటి ఉంటుంది, ఇది తన కీయేనని కారు గుర్తుపట్టేది దాంతోనే. దానికి సెల్‌తో పనిలేదు. చాలా బండ్లలో స్టార్ట్ బటన్ చుట్టూ ఉండే కాయిల్‌కు (తీగ చుట్టకు) దగ్గరగా తెస్తే, ఆ కాయిల్ నుంచే కరెంటు తీసుకుని పలుకుతుంది.

కాబట్టి సెల్ చచ్చిపోయినా దారి ఉంది. కీ పక్కన ఉండే చిన్న నొక్కు నొక్కి లాగితే లోపలి నుంచి ఇనప తాళం చెవి వస్తుంది. దాంతో డ్రైవర్ డోర్ తీయండి. కొన్ని బండ్లలో తాళం కన్నం హ్యాండిల్ దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. ఇలా తీసినప్పుడు చాలా కార్లలో అలారం మోగుతుంది. టెన్షన్ పడొద్దు, బండి స్టార్ట్ అవగానే ఆగిపోతుంది. హ్యుందాయ్, కియాల్లో చాలా మోడళ్లకు స్టార్ట్ బటన్‌ను వేలితో కాకుండా కీతోనే నొక్కాలి. టొయోటాలో బ్రేక్ తొక్కి, కీ మీద కంపెనీ గుర్తు ఉన్న వైపును బటన్‌కు ఆనించాలి. బీప్ వచ్చాక బటన్ నొక్కాలి. ఫోక్స్‌వ్యాగన్‌లో స్టీరింగ్ కాలమ్ పక్కన పెట్టాలి. మీ బండికి ఎక్కడో మాన్యువల్‌లో ఉంటుంది. అవసరం రాకముందే ఒకసారి ఇంటి దగ్గర చేసి చూసుకోండి.

ఇక్కడ ఇంకో లాభం ఉంది. బటన్‌కు ఆనిస్తే స్టార్ట్ అయి, జేబులో ఉంటే కావట్లేదంటే చిప్ బాగుంది, ఆ కీని కారుకు జత చేసిన ప్రోగ్రామింగ్ బాగుంది. కొత్త కీ మాట ఎత్తకముందు సెల్ చూడాలి.

అపోహ: రిమోట్‌తో లాక్ పడుతోంది కదా, కీకి ఏమీ కాలేదు.

లాక్ బటన్ నొక్కినప్పుడు కీ తనంతట తానే 433 మీద సిగ్నల్ పంపుతుంది. కారు పిలుపును వినే భాగం వేరు. కీ ఒకటి రెండుసార్లు గట్టిగా కింద పడితే, ఆ పిలుపును అందుకునే చిన్న కాయిల్ బోర్డు నుంచి ఊడిపోవచ్చు. అప్పుడు బటన్లన్నీ పనిచేస్తాయి, కారులో కూర్చుంటే మాత్రం కీ లేదంటుంది. చేయి తిరిగినవాళ్లు దీన్ని మళ్లీ టంకం వేసి నిలబెట్టగలరు. కీ మీద చిన్న లైటు వెలిగినంత మాత్రాన సెల్ బాగున్నట్టూ కాదు. ఇదివరకు దూరం నుంచే పడే లాక్, ఇప్పుడు డోర్ పక్కకొచ్చి నొక్కితేగానీ పడట్లేదంటే సెల్ దిగిపోతోందన్నమాట.

అపోహ: కొత్త సెల్ వేసినా రాలేదు, ఇక కీ మార్చాల్సిందే.

ముందు ఆ ‘కొత్త’ సెల్‌ను చూడండి. ఎక్కువ కీల్లో వాడేది సీఆర్ 2032. అందులో 20 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. దాని బదులు 2025 పెడితే చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది, కానీ 2.5 మిల్లీమీటర్ల మందమే కాబట్టి వదులుగా కూర్చుని ఒకసారి తగిలి ఒకసారి తగలదు. ఎల్‌ఐఆర్ 2032 అని రాసి ఉంటే అది ఛార్జింగ్ సెల్. ఫుల్ ఛార్జిలో 4.2 వోల్టుల దాకా ఉంటుంది, 3 వోల్టుల కీలో అసలు పెట్టకూడదు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్స్ కూడా వస్తున్నాయి. పూత మంచిదే, కానీ కొన్ని పరికరాల్లో ఆ పూత వల్ల కాంటాక్ట్ సరిగ్గా తగలదు.

కీ తెరిచేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనకు బట్ట చుట్టి, తాళం చెవి తీసిన ఖాళీలో పెట్టి మెల్లగా తిప్పండి. పాత సెల్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే దాన్ని లేపండి. లేపేటప్పుడు జాగ్రత్త, సెల్‌ను పట్టుకునే రేకులు సన్నగా ఉంటాయి. ఒకటి వంగిందంటే ఎన్ని కొత్త సెల్స్ వేసినా అంతే. మీటర్ ఉంటే చూడండి: కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపించాలి. మీటర్ మీద బాగానే కనిపించిన పాత సెల్ కీ వాడుకునే క్షణంలో కుంగిపోవడమూ ఉంది, అందుకే అనుమానం ఉంటే మంచి సెల్ ఒకటి వేసి చూడటమే నయం.

తీసిన సెల్‌ను మాత్రం డాష్‌బోర్డు మీదో టేబుల్ మీదో వదిలేయకండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులో తీవ్రంగా కాలిన గాయాలు చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అపోహ: సెల్ తీస్తే ప్రోగ్రామింగ్ పోతుంది.

పోదు. కోడ్ చిప్‌లో శాశ్వతంగా ఉంటుంది, సెల్ లేకపోయినా చెరిగిపోదు.

అపోహ: కారు బ్యాటరీకీ కీకీ సంబంధం లేదు.

చాలా ఉంది. రెండు కీలూ పనిచేయట్లేదంటే నేను ముందు బానెట్టే ఎత్తుతాను. ఫుల్ ఛార్జిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కాసేపయ్యాక 12.6 చూపించాలి. 12.2 అంటే సగానికి వచ్చినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనమైనట్టే. వోల్టేజ్ తగ్గేకొద్దీ కీని వెతికే మాడ్యూల్ తడబడుతుంది, ఒక్కోసారి కీ లేదనే చెబుతుంది. స్క్రీన్ వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు. స్క్రీన్‌కు కావాల్సిన కరెంటు ఎంత, సెల్ఫ్‌కు కావాల్సింది ఎంత!

అపోహ: బటన్ నొక్కితే స్టార్ట్ కావట్లేదంటే కీని గుర్తించనట్టే.

ఈ మధ్య గుంటూరు వైపు నుంచి ఒకాయన బండిని టోయింగ్‌లో తెచ్చారు. బటన్ నొక్కితే డాష్‌బోర్డు వెలుగుతోంది, ఇంజన్ తిరగడం లేదు. ఎవరో కీ పాడైందన్నారట, కొత్తదానికి ఆర్డర్ ఇవ్వబోతున్నారు. డాష్‌బోర్డు మీద కీ మెసేజ్ లేదు. బ్రేక్ తొక్కమని వెనక్కి వెళ్లి చూస్తే ఒక్క బ్రేక్ లైటూ వెలగలేదు. పెడల్ పైన ఉండే చిన్న స్విచ్ పాడైంది. బ్రేక్ తొక్కినట్టు కారుకు తెలియకపోతే ఆటోమేటిక్ బండి స్టార్ట్ కాదు. గేర్ బండ్లలో చాలావాటికి క్లచ్ స్విచ్ ఇలాగే ఉంటుంది. స్విచ్ మార్చాం, కీ అలాగే ఆయన జేబులోకి వెళ్లింది.

స్టాప్ ల్యాంప్ (బ్రేక్ లైట్) ఫ్యూజ్ పోయినప్పుడు బటన్‌ను ఏసీసీలో (ఇంజన్ ఆగి ఉండి రేడియోలాంటివి మాత్రం పనిచేసే స్థితిలో) పెట్టి 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే స్టార్ట్ అవుతుందని హ్యుందాయ్ మాన్యువల్స్‌లో ఉంది. అది గండం గట్టెక్కడానికే. బ్రేక్ లైట్లు లేని బండిని వెనకొచ్చే లారీ ఎలా గమనిస్తుంది?

అపోహ: కీ ఎక్కడ పెట్టినా ఒకటే.

వైర్‌లెస్ ఛార్జర్లు పనిచేసే పౌనఃపున్యం కీ వినేదానికి చాలా దగ్గర. ఛార్జింగ్ ప్యాడ్ పక్కన కీ పెట్టి గుర్తించట్లేదనేవాళ్లు రోజురోజుకూ పెరుగుతున్నారు. ఫోన్‌తోపాటు ఒకే జేబులో పెట్టుకోవడం, రెండు కార్ల కీలు ఒకే గుత్తికి వేయడం కూడా మానుకోవాలి. టీవీలు, ఫోన్లు, ఇండక్షన్ స్టవ్‌ల దగ్గర ఉంచితే కీలోని సెల్ త్వరగా దిగుతుందని టొయోటా మాన్యువలే చెబుతుంది. చవక డాష్‌క్యామ్, సిగరెట్ లైటర్‌లో పెట్టే ఛార్జర్ కూడా అడ్డు పడొచ్చు. పీకేసి చూడండి.

అపోహ: ఆన్‌లైన్‌లో కీ కొంటే ఎవరైనా కాపీ చేసిస్తారు.

ఫ్రీక్వెన్సీ, చిప్ రకం రెండూ మీ మోడల్‌కు కలవాలి. వేరే బండికి వాడేసిన స్మార్ట్ కీ చాలా కంపెనీల్లో ఆ బండికే లాక్ అయిపోతుంది, బయట షెల్ బాగుందని కొంటే డబ్బు దండగ. కొత్త కీ వేయించేటప్పుడు ఉన్న కీలన్నీ వెంట తీసుకెళ్లండి. చాలా బండ్లలో ప్రోగ్రామింగ్ మొదలవగానే పాతవి చెరిగిపోతాయి, అక్కడ లేని కీ తర్వాత పనిచేయదు. కీ పోగొట్టుకున్నవాళ్లు దాన్ని మెమరీలోంచి తీసేయమని అడిగి మరీ చేయించుకోవాలి, లేకపోతే ఆ కీ దొరికినవాడికి మీ కారు తలుపు తెరిచే ఉన్నట్టు. బండి చోరీ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు కీలూ అడుగుతారు. కాబట్టి పోయిన కీకి పోలీసు ఫిర్యాదు కాగితం, కొత్త కీ వేయించిన బిల్లు దాచుకోండి.