నారింజ రంగు పూల దుంపలు: పిల్లలకు ఒక ఉత్తరం

గుంటూరు,
బ్రాడీపేట.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

విజయవాడలో మీ డాబా మీద నారింజ రంగు ట్యులిప్ పూలు పూయించాలని ఉందనీ, దుంపలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయనీ, కొనమంటారా అనీ అడిగారు. కొనవద్దు. ఎందుకు వద్దంటున్నానో, అదే రంగులో మన ఎండలకు తట్టుకుని ఏటేటా పూసేవి ఏవో ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ముందుగా అమ్మ చేత ఒక ఉల్లిపాయను నిలువునా రెండు చెక్కలుగా కోయించి చూడండి. అడుగున వేళ్ళు పుట్టేచోట బిళ్ళలా గట్టిగా ఉన్న భాగమే ఆ మొక్క కాండం. దాని మీద ఒకదానిలో ఒకటి ఒదిగి ఉన్న తెల్లని పొరలన్నీ ఆకుల మొదళ్ళు, మొక్క తన ఆహారాన్ని దాచుకునేది వాటిలోనే. పైనున్న ఎండుపొట్టు లోపలి తడి ఆరిపోకుండా కాపాడుతుంది. నడిమధ్యన లేత ఆకుపచ్చగా కనిపించేది రాబోయే మొలక. మన దుగ్గిరాల పసుపు కొమ్మును కోసినా, మెట్టతామర దుంపను కోసినా ఇటువంటి పొరలు కనిపించవు, ఎందుకంటే అవి నేలలో అడ్డంగా సాగే కాండాలు. మెట్టతామరలోనూ చక్కని నారింజ రంగు రకాలున్నాయి గాని, నేను చెప్పబోయేవి పొరలున్న దుంపల సంగతులే.

ట్యులిప్ దుంప కూడా ఇలాంటిదే. ఆకులు ఎండిపోయిన తరువాత, వేసవిలో దుంప విశ్రాంతి తీసుకుంటున్నప్పుడే దాని లోపల వచ్చే ఏటి పువ్వు తయారైపోతుంది. అయితే ఆ పువ్వును పైకి మోసుకువచ్చే కాడ సాగాలంటే సుమారు 12 వారాల పాటు 10 డిగ్రీల లోపు చలి తగలాలి. మధ్య ఆసియా కొండలలో పుట్టిన మొక్క కాబట్టి మంచు కాలాన్ని దాటాకే లేవడం దానికి అలవాటు. శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు ఎదురుగా 2007లో తెరిచిన ట్యులిప్ తోట ఏటా కళకళలాడుతున్నదంటే ఆ చలి వల్లనే. మన బెజవాడలో సంక్రాంతి ముందు తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిది? ఫ్రిజ్‌లో పెట్టి పూయించేవారు ఉన్నారు, కానీ అదే ఫ్రిజ్‌లో పండుతున్న ఆపిల్ పండ్లుంటే వాటినుండి వెలువడే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ మాడిపోతుంది. ఇంతా చేస్తే ఒక్కసారి పూస్తుంది, ఆ తరువాత మన వేడికి దుంప చిక్కిపోతుంది. ఆ డబ్బుకు నాలుగు అమరిల్లిస్ లిల్లీ దుంపలు వస్తాయని నా అభిప్రాయం.

లిల్లీ అన్నాను కదా అని పూలకొట్టులో తూకానికి అమ్మే తెల్లని పూలు అనుకోకండి. ఇది వేరు, ఉల్లిపాయకు దగ్గరి చుట్టం. దక్షిణ అమెరికా నుండి వచ్చి మన పెరళ్ళలో పాతుకుపోయింది. పాత ఇళ్ళలో కనిపించే రకం పువ్వు కనకాంబరం రంగులో ఉండి, గొంతు దగ్గర ఆకుపచ్చ కలిసిన తెల్లని నక్షత్రం గీసినట్టుంటుంది. కాడను అడ్డంగా కోస్తే లోపల బోలుగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని హిప్పియాస్ట్రమ్ అంటారు. అసలు అమరిల్లిస్ అన్న పేరు దక్షిణ ఆఫ్రికాలోని మరొక మొక్కకే చెందాలని 1987లో బెర్లిన్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ తేల్చింది. ఆ మొక్క కాడలో బోలు ఉండదు. నర్సరీలవారు మాత్రం పాత పేరుతోనే అమ్ముతున్నారు, మీరూ ఆ పేరుతోనే అడగండి.

ఈ మొక్క దాదాపు ప్రతి నాలుగు ఆకులకు ఒక పూమొగ్గను దుంప లోపల, పొరల మధ్యన పెడుతుంది. ఆ మొగ్గ బయటికి రావడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే ఈ మార్చిలో మీరు చూసే పువ్వు పోయిన ఏటి ఆకులు సంపాదించి పెట్టినది. పూలు వాడిపోగానే ఆకులు అందంగా లేవని కత్తిరించేవారు, మరుసటి ఏడు ఒట్టి ఆకులే వచ్చాయని నర్సరీవాడిని తిడుతుంటారు. వాడిన పూలకాడను కోయవచ్చు గాని ఆకులను ముట్టుకోకూడదు. వానాకాలమంతా వాటికి ఎండ తగలనిచ్చి, నెలకొకసారి గుప్పెడు పశువుల ఎరువు వేసి, కార్తీకం దాటాక నీళ్ళు తగ్గించి, రెండు నెలలు దాదాపు పొడిగా ఉంచి, సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ తడపండి.

మట్టి విషయంలో మాత్రం జాగ్రత్త. మా గుంటూరు నల్లరేగడి పత్తికి, మిరపకు బంగారమే కాని, నీటిని పట్టుకుని వదలదు కాబట్టి అందులో దుంప కుళ్ళిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమంగా కలిపి, దుంపకన్నా కొంచెమే పెద్దదైన కుండీలో, దుంప పై భాగం మూడో వంతు మట్టి పైకి కనిపించేలా నాటండి. వానాకాలంలో నల్లని ఒంటి మీద తెలుపు, నారింజ చుక్కలున్న గొంగళిపురుగులు గుంపుగా వచ్చి ఒక్క రాత్రిలో ఆకులను మొదలంటా తినేస్తాయి. ఉదయాన్నే ఆకు అడుగున వెతికి, ఏరి, సబ్బునీళ్ళలో వేయడం తప్ప నాకు నచ్చిన ఉపాయం మరొకటి లేదు.

రెండవది ఫుట్‌బాల్ లిల్లీ. దీని పుట్టిల్లు ఆఫ్రికా. రోళ్ళు పగిలే రోహిణి కార్తెకు అటూఇటూగా, మే నెలలో, ఒట్టి మట్టిలోనుండి ఒక్క కాడ లేచి దాని కొసన గుండ్రని పూలబంతి విచ్చుకుంటుంది. దగ్గరగా చూస్తే అది ఒక పువ్వు కాదు, బాగా బలిసిన దుంపకు 200 దాకా చిన్న చిన్న పూలు, వాటి నుండి సూదుల్లా బయటికి చాచిన కేసరాలు, కొసలలో పసుపు పుప్పొడి. ఎరుపు కలిసిన నారింజ రంగు. వారం పదిరోజులలో బంతి వాడిపోయి, వెడల్పాటి ఆకులు వస్తాయి. చలికాలానికి ఆకులు కూడా ఎండిపోయి కుండీ ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగానే ఉంది కదా అని అందులో కొత్తిమీర చల్లి రోజూ నీళ్ళు పోసే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కుండీ మీద పేరు రాసి, నీడన పెట్టండి.

ఈ రెండింటి దుంపలూ విషమే. అమరిల్లిస్ దుంపలోని లైకోరిన్ కడుపులోకి వెళితే వాంతులు పట్టుకుంటాయి. ఫుట్‌బాల్ లిల్లీ దుంపను ఆఫ్రికాలో బాణాలకు విషంగా వాడేవారు. చూడడానికి ఉల్లిపాయల్లా ఉంటాయి కనుక వంటింటి గట్టు మీద ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు, నాటాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కుక్కపిల్లను కుండీల దగ్గరికి రానివ్వకండి. కంచెల మీద ఆకు కొసలతో పట్టుకుని పాకుతూ, పసుపు నుండి నారింజకు, నారింజ నుండి ఎరుపుకు మారే పూలతో అగ్నిశిఖ కనిపిస్తే చూసి ఆనందించండి గాని, దాని దుంపను తవ్వి తేవద్దు. అందులోని కోల్చిసిన్ ప్రాణాలే తీయగలదు.

1799లో ఇంగ్లండులో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాలు బాగుచేసే ఆయన రెండు అమరిల్లిస్ జాతులను కలిపి మొట్టమొదటి సంకర రకాన్ని పుట్టించాడు. మీరూ ఆ పని చేయవచ్చు. ఒక పువ్వు పుప్పొడిని మెత్తని కుంచెతో మరొక రంగు పువ్వు కీలాగ్రానికి, అంటే పువ్వు నడిమధ్యన ఉండే ఆడభాగపు కొసకు, అది మూడుగా చీలి విచ్చుకున్నప్పుడు, అద్దండి. పట్టిందంటే నెల పైచిలుకులో కాయ పగిలి, కాగితంలా పలచని నల్లని గింజలు వస్తాయి. వాటిని వెంటనే చల్లాలి, ఆరబెట్టి దాచకూడదు. మొలిచిన మొక్క పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా చూడడానికి మా పెరట్లోని దుంపలకు వచ్చిన పిలకలను వేరుచేసి ఈ ఆదివారం మీ నాన్నతో పంపుతున్నాను. రాగానే నాటి, మొదటిసారి మాత్రమే బాగా తడిపి, కొత్త ఆకు కనిపించేదాకా నీళ్ళు పోయకండి.

ఇట్లు,
మీ తాతయ్య.