ఆ ఎనిమిది అక్షరాలకు ఉపదేశం కావాలా?

గురువారం పొద్దున ఆదోనిలో మంత్రాలయం బస్సు ఎక్కితే చాలామంది పెదవులు కదులుతూనే ఉంటాయి. "శ్రీ రాఘవేంద్రాయ నమః." కొందరి చేతిలో తులసిమాల, కొందరి వేలికి లెక్క మిషను. ఈమధ్య మా చుట్టాల్లో ఒకామె అడిగింది: "గురువు చెప్పకుండా జపం చేస్తే దోషమంట కదా?" ఫోన్‌లో ఏదో వీడియోలో విన్నదంట. రోజూ పొయ్యి దగ్గర నిలబడే నూటెనిమిది సార్లు అనుకునే మనిషి. టెన్షన్ పట్టుకుంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. గాయత్రి ఋగ్వేదం మూడో మండలంలోది. ఉపనయనంలో వటువు చెవిలో చెప్పాకే దాన్ని జపించాలన్నారు. ఆడవాళ్లకూ, చాలా కులాలకూ ఆ తలుపు మూసే ఉంచారు. బయటికి వినపడనిదే గొప్ప అన్న లెక్క కూడా పాతదే. శాస్త్రం చెప్పినట్టు చేసే యజ్ఞం (విధియజ్ఞం) కంటే జపం పది రెట్లు, పక్కవాడికి వినపడని ఉపాంశు జపం వంద రెట్లు, మనసులో చేసేది వెయ్యి రెట్లు మేలని మనుస్మృతి. "ఓం నమో నారాయణాయ" కూడా గురుముఖంగా రావాల్సిందే. తిరుక్కోట్టియూర్‌లో రామానుజులు గురువు మాట దాటి, గుడి పైకెక్కి దాన్ని అందరికీ వినిపించారన్న కథను ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే ఆ కట్టడి ఎంత గట్టిదో చూడండి.

మరి మన తుంగభద్ర ఒడ్డున జరిగిందేమిటి? మంత్రాలయం పాతపేరు మంచాల. 1671లో శ్రావణ బహుళ విదియ నాడు రాఘవేంద్రస్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు, అంటే సజీవ సమాధి అయ్యారు. ఆ రోజు శిష్యుడు అప్పణాచార్యులు ఏటికి అవతల బిచ్చాలిలో ఉన్నాడు. విషయం తెలిసి, అప్పటికప్పుడు స్తోత్రం కట్టి చదువుకుంటూ పొంగే ఏరు దాటి వచ్చాడట. తీరా వచ్చేసరికి బృందావనం మూసేశారు. గొంతు పూడుకుపోయి ఆఖరి శ్లోకం మధ్యలో ఆగిపోయింది. మిగిలిన ఏడు అక్షరాలు, "సాక్షీ హయాస్యోఽత్ర హి" (దీనికి హయగ్రీవుడే సాక్షి), లోపలి నుంచే వినిపించాయని మఠంలో చెప్పుకుంటారు. కథను నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు ముఖ్యమైంది ఆ స్తోత్రంలోనే ఉన్న మరో శ్లోకం. "శ్రీ రాఘవేంద్రాయ నమః" అనే అష్టాక్షరిని నిత్యం జపిస్తే కోరినవి నెరవేరుతాయి, సందేహం లేదంటుంది. ఎవరు జపించాలన్న షరతు అందులో లేదు. (ముందు ఓం కలిపితే తొమ్మిదవుతాయి. నారాయణ మంత్రంలో మాత్రం ఓంతో కలిపే ఎనిమిది.)

అట్లని మఠంలో దీక్షలు లేకపోలేదు. ఆ మఠం పాటించే మధ్వ సంప్రదాయంలో ముద్రాధారణ (ఒంటిమీద శంఖచక్రాల ముద్రలు వేయించుకోవడం), మంత్రోపదేశం ఇప్పటికీ ఉన్నాయి. కానీ దాని పక్కనే హరిదాసుల కన్నడ పాటలు వీధుల్లో నామాన్ని పంచుతూ వచ్చాయి. కడప వైపు బ్రహ్మంగారు దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకున్నారు. అక్కడ ఉపదేశం ఉంది, కులం అడ్డం రాలేదు. ఉగాదికి కర్నూలు మీదుగా శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులు మల్లయ్యను పిలవడానికి ఎవరి అనుమతీ అడగరు.

హ్రీం, శ్రీం లాంటి బీజాక్షరాలున్న మంత్రమైతే గురువు దగ్గర తీసుకో, నామానికి ఎవరూ అక్కర్లేదు. మా వైపు పెద్దవాళ్లు చెప్పేది ఇదే. ఆమెకూ అదే చెప్పాను. మళ్లీ మొదలుపెట్టింది. నిన్న డెబ్బై దాకా వచ్చాక పాలు పొంగి లెక్క తప్పిందంట.